గర్భస్థ శిశువులలో ఉదరకుడ్య లోపాలు: ఫలితాల అంచనా, దానిని తెలుగులో చెప్పే తీరు

వ్యాససంగ్రహం:
గర్భంలోనే స్కాన్ ద్వారా గుర్తించగల ఉదరకుడ్య లోపాలలో ప్రధానమైనవి ఆంఫలోసీల్, గ్యాస్ట్రోస్కైసిస్. వాడుక తెలుగులో ఈ రెండింటినీ "పేగులు బయట ఉన్నాయి" అన్న ఒకే వాక్యంతో చెబుతున్నారు. శిశువు భవిష్యత్తు విషయంలో మాత్రం ఇవి పూర్తిగా వేరైన దారులు. పుట్టబోయే శిశువు ఫలితాన్ని దేని ఆధారంగా అంచనా వేస్తారు, ఆ అంచనా ఎంతవరకు స్కాన్‌కు, ఎంతవరకు ప్రసవం జరిగే చోటుకు సంబంధించినది, దానిని తల్లిదండ్రులకు చెప్పేటప్పుడు తెలుగు భాష ఎక్కడ ఇబ్బంది పెడుతున్నది అనే విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉదరకుడ్యం, ఆంఫలోసీల్, గ్యాస్ట్రోస్కైసిస్, టిఫా స్కాన్, అంచనా, వైద్యపరిభాష, పద్మనాభం.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలంలోని ఒక పల్లెనుంచి కొంతకాలం క్రితం ఈ వ్యాసకర్తకు ఫోన్ వచ్చింది. బంధువుల అమ్మాయికి ఐదో నెలలో టిఫా స్కాన్ తీశారు. నివేదిక చివర ఒక ఆంగ్లపదం ఉన్నది. దాని అర్థం చెప్పమన్నారు. ఆ కుటుంబంలో పేరుకు ముందు 'డాక్టర్' ఉన్న మనిషి ఈ వ్యాసకర్త ఒక్కడే. అది తెలుగులో చేసిన పిహెచ్.డి. వల్ల వచ్చినదని ఎంత చెప్పినా వారు వినిపించుకోలేదు. స్కాన్ తీసినచోట వారికి చెప్పిన మాట ఒక్కటే: "బిడ్డకు పేగులు బయట ఉన్నాయి." అమ్మాయి తల్లి అడిగిన ప్రశ్న కూడా ఒక్కటే: "బిడ్డ బతుకుతాదేటి బాబూ?"

ఆ నివేదికను చదవడానికి చేసిన ప్రయత్నమే ఈ వ్యాసానికి మూలం. ఆ కుటుంబం ఏ నిర్ణయం తీసుకున్నదన్నది వారి సొంత విషయం. దానిని ఇక్కడ చర్చించడం లేదు. అయితే ఆ ప్రశ్నకు "అవును", "కాదు" అని కాక ఒక అంచనాగా మాత్రమే జవాబు చెప్పగలిగినప్పుడు, ఆ అంచనాలో ఏమేమి ఉండాలి అన్నది వైద్యులతోపాటు భాషాధ్యాపకులు కూడా ఆలోచించవలసిన విషయం.

గోస్తనీ తీరాన ఉన్న ఈ ఊరు చరిత్రలో 1794 జులై 10న జరిగిన పద్మనాభయుద్ధం వల్ల ప్రసిద్ధం. కొండమీద వెలసిన అనంతపద్మనాభస్వామి వల్ల దానికా పేరు వచ్చింది. పద్మము నాభియందు కలవాడు అని బహువ్రీహి. నాభి దగ్గరి లోపాన్ని గురించిన ప్రశ్న ఆ పేరుగల ఊరినుంచే రావడం యాదృచ్ఛికమే గాని, వినగానే ఆ సమాసం తట్టకుండా ఉండదు.

2. రెండు లోపాలు, ఒకే వాక్యం

చివరి నెలసరి మొదటిరోజునుంచి లెక్కిస్తే సుమారు 8వ వారంలో పిండం పేగులు పొట్టలో పట్టనంత వేగంగా పెరుగుతాయి. అప్పుడు అవి బొడ్డుతాడు మొదటిలోకి జరుగుతాయి. ఇది సహజం. అక్కడ మెలితిరుగుతూ పెరిగి, 12వ వారానికల్లా తిరిగి పొట్టలోకి చేరుకుంటాయి. అందువల్ల 12 వారాలకు ముందు బొడ్డుతాడులో పేగులు కనిపించినంత మాత్రాన లోపమని చెప్పరు. కాలేయం మాత్రం ఏ దశలోనూ సహజంగా బయటికి రాదు. అది బయట కనిపిస్తే ఆ తొలిదశలోనే లోపాన్ని గుర్తించవచ్చు.

అవయవాలు వెనక్కి చేరక, బొడ్డుతాడు మొదలులోనే సంచివంటి పొరలో నిలిచిపోతే అది ఆంఫలోసీల్. లోపం సరిగ్గా నడిమధ్యన ఉంటుంది. బొడ్డుతాడు ఆ సంచిమీదనే అతుక్కుని ఉంటుంది. లోపల పేగులు మాత్రమే ఉండవచ్చు, కాలేయం కూడా ఉండవచ్చు. గ్యాస్ట్రోస్కైసిస్‌లో బొడ్డుతాడు తన చోటనే సక్రమంగా ఉంటుంది. దాని పక్కన, దాదాపు ఎల్లప్పుడూ కుడివైపున, ఉదరకుడ్యం చీలి ఉంటుంది. ఆ చీలిక సాధారణంగా కొద్ది సెంటీమీటర్లే. పైన పొర ఉండదు. పేగులు ఉమ్మనీటిలో నేరుగా తేలుతుంటాయి. నెలల తరబడి ఆ నీటి తాకిడికి, చీలిక అంచుల ఒత్తిడికి అవి ఉబ్బి, మందమై, కొన్నిసార్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి.

కాబట్టి స్కాన్ తీసేవారు చూడవలసినవి రెండు: పొర ఉన్నదా, బొడ్డుతాడు ఎక్కడ అతుక్కున్నది? ఈ రెండూ తేలకుండా అంచనా మొదలుకాదు. ఎందుకంటే ఆంఫలోసీల్‌తో దాదాపు సగంమంది శిశువులలో, కొన్ని నమోదులలో అంతకన్నా ఎక్కువమందిలో, గుండెలోపాలో, క్రోమోజోముల తేడాలో, ఇతర అవయవ లోపాలో కలిసి ఉంటాయి. 18వ, 13వ క్రోమోజోములు మూడేసి ఉండడం వీటిలో ముఖ్యం. నాలుక పెద్దదై, పుట్టగానే రక్తంలో చక్కెర పడిపోయే బెక్విత్-వీడెమన్ లక్షణసముదాయం మరొకటి. గ్యాస్ట్రోస్కైసిస్‌లో పేగుకు బయటి లోపాలు తక్కువ. అక్కడి చిక్కంతా పేగులోనే ఉంటుంది. ఆంఫలోసీల్ వయసు పైబడిన తల్లులలో ఎక్కువ. గ్యాస్ట్రోస్కైసిస్ ఇరవై ఏళ్ళలోపు తల్లులలో ఎక్కువ. చిన్న వయసులో పెళ్ళిళ్ళు ఇంకా జరుగుతున్న మన ప్రాంతంలో ఈ చివరి మాటను తేలిగ్గా దాటిపోలేము.

పేర్లను చూద్దాం. గ్రీకు భాషలో ఆంఫలోస్ అంటే బొడ్డు, కీలే అంటే వాపు. గాస్టేర్ అంటే పొట్ట, స్కిసిస్ అంటే చీలిక. తెలుగులో ఈ రెండు మాటలకూ సమానార్థకాలు కొత్తగా కల్పించనక్కరలేదు. 'బొడ్డుసంచి', 'పొట్టచీలిక' అంటే సరిపోతుంది. మొదటి మాటలో సంచి ఉన్నదని, బొడ్డుకు సంబంధించినదని తెలుస్తుంది. రెండవ మాటలో సంచి లేదని తెలుస్తుంది. 'నాభివృద్ధి', 'ఉదరవిదరం' వంటి సంస్కృత కల్పనలు పాఠ్యపుస్తకానికి పనికివస్తాయేమో గాని, పల్లె తల్లికి ఆంగ్లపదమెంతో అవీ అంతే.

ఇక్కడ ఒక మేలు జరిగింది. పెదవిచీలికకు తెలుగులో 'గ్రహణమొర్రి' అనే మాట తరతరాలుగా స్థిరపడింది. గ్రహణంనాడు తల్లి ఏదో చేసిందన్న నింద ఆ మాటలోనే ఇమిడి ఉన్నది. తల్లిని తప్పుపట్టకుండా ఆ లోపం పేరు పలకడమే సాధ్యం కాదు. పొట్టగోడ లోపాలకు అటువంటి పాతమాట లేదు. స్కాన్‌కు ముందుకాలంలో వాటిని పుట్టిన తరువాతే చూసేవారు. ఆ శిశువులు పేరుపెట్టేంతకాలం నిలిచేవారు కాదు. ఖాళీగా ఉన్న ఆ చోట నింద లేని మాటను నిలుపుకునే అవకాశం ఇప్పుడు మనకున్నది.

3. స్కాన్ చెప్పగలిగినది

బొడ్డుసంచి విషయంలో మొదటి ప్రశ్న: ఇంకేమైనా ఉన్నదా? ఉమ్మనీటి పరీక్షతో క్రోమోజోములను, ప్రత్యేక స్కాన్‌తో గుండెను చూసిన తరువాతే మిగతా మాట. ఈ సందర్భంలో సామాన్యబుద్ధికి విరుద్ధమైన విషయం ఒకటున్నది. సంచి చిన్నదై, అందులో పేగు మాత్రమే ఉన్నప్పుడు క్రోమోజోముల తేడా ఉండే సంభావ్యత, కాలేయం కూడా ఉన్న పెద్ద సంచిలో కన్నా ఎక్కువ. "చిన్నదే కదా" అని ఊరడించడం అందువల్ల తొందరపాటు అవుతుంది. పెద్ద సంచిలో భయం వేరు. కాలేయంలో అధికభాగం బయట ఉంటే ఛాతీ సరిగా విచ్చుకోక ఊపిరితిత్తులు చిన్నవిగా మిగిలిపోతాయి. అందుకే సంచి చుట్టుకొలతను పొట్ట లేక తల చుట్టుకొలతతో పోల్చి చూస్తారు. కొన్ని కేంద్రాలలో ఎమ్మారైతో ఊపిరితిత్తుల పరిమాణాన్ని కొలుస్తారు. ఆ వయసుకు ఉండవలసినదానిలో సగానికి తక్కువ ఉంటే పుట్టిన తరువాత శ్వాసకష్టం తీవ్రంగా, దీర్ఘంగా ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి.

పొట్టచీలిక విషయంలో ప్రశ్న ఒక్కటే: పేగు బాగున్నదా? 2001లో మోలిక్, సహరచయితలు ఈ లోపాన్ని సరళం, సంక్లిష్టం అని రెండుగా విభజించారు. పేగు మూసుకుపోవడం, చిల్లుపడడం, కుళ్ళిపోవడం, మెలిపడడం వీటిలో ఏదైనా ఉంటే అది సంక్లిష్టం. సరళమైనదానిలో శిశువు కొద్దివారాలలో పాలు తాగి ఇంటికి వెళ్తుంది. సంక్లిష్టమైనదానిలో నెలలు పడుతుంది. పేగు మరీ పొట్టిగా మిగిలితే ఏళ్ళు పడుతుంది. ఏ శిశువుది ఏ వర్గమో పుట్టకముందే తెలుసుకోవాలన్నదే అసలు తపన.

దీనిమీద వచ్చిన పరిశోధన చాలా ఎక్కువ. తేలినది తక్కువ. 2015లో డి'ఆంటోనియో బృందం 26 అధ్యయనాలలోని 2,023 గర్భస్థ శిశువుల వివరాలను కలిపి విశ్లేషించింది. పొట్టలోపలే ఉన్న పేగుభాగం ఉబ్బి ఉండడానికి పేగు మూసుకుపోవడంతో సంబంధం కనబడింది. ఉమ్మనీరు ఎక్కువగా ఉండడానికీ దానితోనే సంబంధం కనబడింది. జీర్ణాశయం ఉబ్బడానికి నవజాత మరణంతో సంబంధం కనబడింది. బయట తేలే పేగు ఎంత ఉబ్బినదన్నది చూసేవారిని భయపెట్టేదే అయినా నమ్మదగిన సూచిక కాలేకపోయింది. ఉబ్బు ఎన్ని మిల్లీమీటర్లు దాటితే చెడు అన్నదానిలో కూడా అధ్యయనాలకు ఏకాభిప్రాయం లేదు. మరో చిక్కు బరువు లెక్కలో ఉన్నది. స్కాన్‌లో శిశువు బరువును పొట్ట చుట్టుకొలతతో కట్టే సూత్రాలే ఎక్కువ. పేగులు బయట ఉన్న శిశువుకు పొట్ట చిన్నదిగానే ఉంటుంది. కాబట్టి ఎదుగుదల నిజంగా తగ్గిందో, సూత్రం తక్కువ చూపిందో తేల్చడం కష్టం. నెలలు నిండే సమయంలో గర్భంలోనే శిశువు మరణించే ముప్పు ఈ లోపంలో మామూలుకన్నా ఎక్కువ. అందుకే చివరి వారాలలో తరచుగా స్కాన్‌లు చేస్తారు. చాలాచోట్ల 37వ వారం ప్రాంతంలో కాన్పును యోచిస్తారు. సిజేరియన్ వల్ల ఈ శిశువులకు ప్రత్యేక లాభం ఉన్నట్టు రుజువు కాలేదు. కాలేయం ఉన్న పెద్ద బొడ్డుసంచికి మాత్రం అది నలిగిపోకుండా సిజేరియన్ ఎంచుకుంటారు.

కెనడా పరిశోధకులు రూపొందించిన గ్యాస్ట్రోస్కైసిస్ ప్రోగ్నోస్టిక్ స్కోర్ శిశువు పుట్టిన తరువాత, పేగును కళ్ళతో చూసి వేసేది. పేగులు ఎంతగా అంటుకుపోయాయి, మూసుకుపోయినవి, చిల్లుపడినవి, కుళ్ళినవి ఉన్నాయా అన్నవాటికి అంకెలు వేస్తారు. మొత్తం 2 లేక అంతకు మించితే దీర్ఘమైన కష్టాలను, 4 లేక అంతకు మించితే మరణభయాన్ని సూచిస్తుంది. ఐదో నెలలో వేసే ప్రశ్నకు అంతకంతకూ స్పష్టమైన జవాబు కాన్పు తరువాతే వస్తున్నదని దీనివల్ల తెలుస్తున్నది.

చట్టం అప్పటిదాకా ఆగదు. 2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం 20 వారాలవరకు ఒక వైద్యుని అభిప్రాయం, నిర్దేశిత వర్గాల స్త్రీలకు 24 వారాలవరకు ఇద్దరి అభిప్రాయం కావాలి. ఆపైన గణనీయమైన పిండలోపం ఉన్నట్టు వైద్యమండలి నిర్ధారించాలి. టిఫా స్కాన్ తీసేది 18నుంచి 22 వారాల మధ్య. పద్మనాభంలోని కుటుంబం ఆలోచించుకోవడానికి, రెండవ స్కాన్‌కు నగరం వెళ్ళడానికి, ఉమ్మనీటి పరీక్ష ఫలితం రావడానికి మిగిలేవి కొద్ది వారాలే. అటువంటప్పుడు "పేగులు బయట ఉన్నాయి" అన్న వాక్యంతో ఒక వారం గడిచిపోవడం చిన్న నష్టం కాదు.

4. లెక్కలో ఎవరున్నారు?

అంచనాను అంకెగా చెప్పినప్పుడు హారంలో ఎవరున్నారన్నది అడగాలి. బొడ్డుసంచి శిశువులలో ఇంతశాతం బతికారని శస్త్రచికిత్స విభాగం రాసే వ్యాసంలో, శస్త్రచికిత్స వరకు చేరినవారే ఉంటారు. గర్భంలో మరణించినవారు, విచ్ఛిత్తి అయినవారు, పుట్టిన గంటలోనే పోయినవారు అందులో ఉండరు. స్కాన్ విభాగం రాసే వ్యాసంలో వారందరూ ఉంటారు. రెండు వ్యాసాలూ నిజమే చెప్పినా అంకెలు మాత్రం చాలా దూరంగా ఉంటాయి. ఐదో నెలలో ఉన్న తల్లికి మొదటి అంకె చెబితే లేనిపోని ఆశ. ఇతర లోపాలేవీ లేవని పరీక్షలలో తేలిన తరువాత కూడా రెండవ అంకె చెబితే లేనిపోని భయం. జానపద సాహిత్య సేకరణలో మనమూ ఇదే పొరపాటు చేస్తుంటాం: మనదాకా వచ్చిన పాటలనుబట్టి పాడినవన్నీ ఇవేనని తేల్చేస్తాం.

5. పుట్టే చోటు

ఒకే స్కాన్ చిత్రం, ఒకే పొడవు చీలిక, ఒకే ఉబ్బు ఉన్న ఇద్దరు శిశువులు రెండు చోట్ల పుడితే ఫలితం ఒకటి కాదు. దీనికి సాక్ష్యం 2021లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అంతర్జాతీయ అధ్యయనం. 74 దేశాలలోని 264 ఆసుపత్రులు అందులో పాల్గొన్నాయి. పొట్టచీలికతో పుట్టిన శిశువులలో సంపన్నదేశాలలో 139 మందికి ఇద్దరు మరణించారు. మధ్యాదాయ దేశాలలో 304 మందికి 97 మంది మరణించారు. పేదదేశాలలో పదిమందికి తొమ్మిదిమంది మరణించారు. అంటే 1.4, 31.9, 90 శాతాలు. పేదదేశాల అంకె చాలా చిన్న నమూనా మీద ఆధారపడినదే. అయినా మొదటి రెండింటి మధ్య అంతరం చాలు. స్కాన్‌లోని ఏ ఉబ్బూ, ఏ కొలతా శిశువుల మధ్య ఇంత తేడాను చూపలేదు.

ఈ తేడా ఎలా ఏర్పడుతుందో కొంత వివరంగా చూడాలి. సంపన్నదేశాలలో కూడా అరవయ్యేళ్ళ క్రితం ఈ శిశువులు ఎక్కువమంది బతకలేదు. బయటి పేగులను ఒక్కసారిగా లోపలికి తోస్తే పొట్టలో ఒత్తిడి పెరిగి ఊపిరి, మూత్రపిండాలు దెబ్బతినేవి. 1967లో షూస్టర్ ఒక కృత్రిమ సంచిలో పేగులను నిలిపి, రోజురోజుకూ కొంచెం కొంచెంగా లోపలికి దించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. దానినే ఇప్పుడు సైలో అంటున్నారు. ఆ మరుసటి ఏడు డడ్రిక్, విల్మోర్ పాలు తాగలేని ఒక పసిబిడ్డను సిరద్వారా ఇచ్చే సంపూర్ణ పోషణతోనే పెంచగలిగారు. వాచిన పేగు పని మొదలుపెట్టడానికి వారాలు పడుతుంది. ఆ వారాలు గడవడానికి ఈ పోషణే ఆధారం. ఈ రెండింటికీ తోడు సిరలో పెట్టిన గొట్టానికి క్రిములు సోకకుండా చూసే నర్సులు కావాలి. మనదేశంలో అచ్చమైన సైలో దొరకనిచోట శుద్ధిచేసిన మూత్రపు సంచినో, రక్తపు సంచినో కత్తిరించి వాడిన శస్త్రవైద్యులున్నారు. సంచి సమస్య అలా తీరుతుంది. నెలరోజుల సిరపోషణ, క్రిమిరహితమైన సంరక్షణ అంత సులభంగా తీరేవి కావు. అంతరమంతా ప్రధానంగా అక్కడే ఉన్నది.

పెద్ద బొడ్డుసంచి కథ వేరు. పొర చిరగకుండా ఉంటే తొందర లేదు. పొరమీద లేపనం పూస్తూ, అది ఎండి, చర్మం కమ్ముకునేవరకు నెలలు ఆగి, తరువాత శస్త్రచికిత్స చేస్తారు. ఒకప్పుడు మెర్క్యురోక్రోమ్ పూసేవారు. పాదరసం ఒంటికి పడుతుందని తెలిసి మానుకున్నారు.

పద్మనాభానికి విజయనగరం పట్టణమే దగ్గర. జిల్లా మాత్రం విశాఖపట్నం. ఉత్తరాంధ్రకంతటికీ పెద్ద ఆసుపత్రి విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి, 1923లో ప్రారంభమైన ఆంధ్ర వైద్య కళాశాలకు అది అనుబంధం. పాత నగరంలో ఘోషా ఆసుపత్రిగా జనం పిలుచుకునే విక్టోరియా ఆసుపత్రి కాన్పులకు ప్రసిద్ధం. నొప్పులు వచ్చాక దగ్గరున్న చోటికి పరుగెత్తడమే మన పల్లెల అలవాటు. పొట్టచీలిక ఉన్న శిశువు విషయంలో ఆ అలవాటే అంచనాను మార్చేస్తుంది. తల్లి గర్భంకన్నా మంచి అంబులెన్స్ లేదని వైద్యులు అనే మాట ఇక్కడ అక్షరాలా నిజం. పిల్లల శస్త్రచికిత్స విభాగం ఉన్నచోటికి కాన్పుకు ముందే చేరడం మంచిది. అనుకోకుండా బయట కాన్పు జరిగితే, శిశువు నడుమునుంచి కిందిభాగాన్ని పేగులతో సహా శుభ్రమైన పారదర్శక ప్లాస్టిక్ సంచిలో ఉంచాలి. పేగుకు రక్తం తెచ్చే కాడ మెలిపడకుండా కుడిపక్కకు పడుకోబెట్టాలి. ముక్కుగుండా గొట్టం వేసి కడుపు ఖాళీగా ఉంచాలి. సిరద్రవాలు ఎక్కించాలి. ఒళ్ళు చల్లబడనివ్వకూడదు. తడిగుడ్డ చుట్టడం మంచిదనుకుంటారు గాని, అది శిశువును చల్లబరుస్తుంది.

6. ప్రమాదం, అవకాశం, వచ్చు

ఇక భాష. అంచనా చెప్పడానికి మనకున్న మాటలు మూడు. మూడింటికీ ఇబ్బందులున్నాయి.

'ప్రమాదం' అన్న మాట తెలుగులో జరగబోయే ముప్పునూ, జరిగిపోయిన దుర్ఘటననూ కూడా చెబుతుంది. రోడ్డు ప్రమాదం జరిగిపోయినది. "బిడ్డకు ప్రమాదం ఉంది" అన్నప్పుడు వైద్యుడు సంభావ్యతను ఉద్దేశిస్తాడు. తల్లికి వినిపించేది దుర్ఘటన. ఎంత ప్రమాదం అన్న ప్రశ్న ఆ వాక్యంలో ఇమడదు. 'అవకాశం' దీనికి ఎదురు. అది మేలుకే వాడే మాట. "చనిపోయే అవకాశం" అని పత్రికలు రాసినప్పుడల్లా మన తరగతి గదులలో దానిని తప్పుగా దిద్దుతూనే ఉన్నాం. ఆసుపత్రిలో మాత్రం అదే వాక్యం రోజూ వినిపిస్తుంది. 'ముప్పు' వీటికన్నా మేలు. అది జరగలేదని, రావచ్చునని వినేవారికి తెలుస్తుంది. "ముప్పు ఎంత?" అని అడగడమూ సహజంగా ఉంటుంది.

మూడవది '-వచ్చు'. మన వ్యాకరణంలో ఈ సహాయక్రియ సంభావ్యతను, అనుమతిని, సామర్థ్యాన్ని కూడా తెలుపుతుంది. "కాన్పు ఇక్కడ చేయించవచ్చు" అంటే, ఇక్కడ చేయించుకోవడానికి అభ్యంతరం లేదనా, తప్పనిసరైతే ఇక్కడ చేయగలమనా? వైద్యుడు రెండవది అంటే కుటుంబం మొదటిది వింటుంది. ఇటువంటి చోట '-వచ్చు'ను విడిచిపెట్టి, "కాన్పు విశాఖలోనే జరగాలి, దారిలో నొప్పులు వస్తే ఇక్కడికి రండి" అని రెండు వాక్యాలుగా విడదీయడమే మంచిది. '-వచ్చు' లేకుండా తెలుగు రాయలేమని ఈ వ్యాసమే సాక్ష్యం. నిర్ణయం దానిమీద ఆధారపడేచోట మాత్రం దానిని నమ్ముకోకూడదు.

శాతాలకన్నా "నూటికి ఇంతమంది" అనడం తెలుగుకు సహజం. "పదిమందిలో ఏడుగురు" అంటే ముగ్గురు మిగులుతారని వినేవారికి వెంటనే తడుతుంది. మన లెక్కలు ఎప్పుడూ అలా మనుషులతోనే సాగాయి.

పైన చెప్పినవాటిని దృష్టిలో పెట్టుకుని, పొట్టచీలిక ఉన్న శిశువు తల్లిదండ్రులకు చేతికివ్వదగిన నమూనా ఒకటి ఇక్కడ ఇస్తున్నాను. వైద్యులు సరిచూసి మార్చుకోవలసినదే.

"అమ్మా, మీ బిడ్డకు బొడ్డుతాడుకు కుడిపక్కన పొట్టగోడ చీలి ఉన్నది. ఆ చీలికగుండా పేగులు ఉమ్మనీటిలోకి వచ్చాయి. వాటిపైన సంచి లేదు. గుండె, మెదడు, వెన్ను చూశాము. వాటిలో లోపం కనిపించలేదు. గ్రహణం వల్ల గాని, మీరు బరువులు ఎత్తడం వల్ల గాని ఇది రాలేదు. పేగు ఎంత బాగున్నదో ఇప్పుడు పూర్తిగా తెలియదు. కొంత తరువాతి స్కాన్‌లలో తెలుస్తుంది, మిగతాది బిడ్డ పుట్టాక తెలుస్తుంది. కాన్పు పిల్లల శస్త్రచికిత్స ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. ఈ ఆసుపత్రిలో గత ఐదేళ్ళలో ఇటువంటి బిడ్డలు ……మంది చేరారు. వారిలో ……మంది ఇంటికి వెళ్ళారు."

ఖాళీలను కావాలనే వదిలాను. లాన్సెట్ అంకెలను అక్కడ నింపకూడదు, పాఠ్యపుస్తకంలోని అంకెలనూ నింపకూడదు. ఆ ఆసుపత్రి నమోదుపుస్తకంలో ఉన్న అంకెలే అక్కడికి రావాలి.